పురమందిరపు జమాఖర్చు

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు చరిత్ర విషయమున నొక వ్యాసము వ్రాయుమని కార్యవర్గమువారు కోరినప్పుడు, కారంపూడివాడు గనుక ఇతడు నాగులేటి యుద్ధమునే మరల వ్రాయునని మిత్రులు కొందరు తలచిరి. ఆ కథను వీరుల గుడియొద్ద ఏటేట కార్తికామావాస్య నాటి యుత్సవములలో వీరవిద్యావంతులు నాకంటె వేయిమడుగులు చక్కగా పాడుచున్నారు. నేను గ్రామపు లెక్కలు వ్రాసి బ్రతికినవాడను. విస్తీర్ణమెంత, హద్దులేవి, శిస్తెంత, ఎవరి పేర నున్నది అని విచారింపనిదే నాకు ఏ చరిత్రయు మనసున కెక్కదు. కావున ఒక భవనపు జమాఖర్చును పాఠకుల ముందుంచెదను. అది చెన్నపట్టణమందలి విక్టోరియా పబ్లిక్ హాలు. 1953 అక్టోబరు 1వ తేదీ వరకు ఆ పట్టణమే మన రాజధాని. వ్యాజ్యములకో, చదువులకో ఇచటినుండి పోయినవారు సెంట్రల్ స్టేషనులో దిగి వెలుపలికి రాగా, సమీపముననే కనబడు ఎఱ్ఱ యిటుకల మేడ అదియే.

పురమందిరమను భావము మనకు ఇంగ్లండునుండి వచ్చినది. లీడ్సు పట్టణపు మందిరమును 1858లో విక్టోరియా రాణి స్వయముగా తెరచెను. మాంచెస్టరు మందిరము 1877లో పూర్తియయ్యెను. అవి ఆయా పట్టణముల పాలకసభలకు నెలవులు. వాని వ్యయము పట్టణపు పన్నులమీద పడెను. చెన్నపట్టణమున జరిగినది వేరు. ఇచటి మందిరమునకు మునిసిపాలిటీ కచేరీతో పనిలేదు. పౌరులు చందాలు వేసికొని, సభలకును వినోదములకును తమకొక చోటు కావలెనని కట్టించుకొన్నది. 1882 మార్చిలో పచ్చయప్ప హాలునందు పట్టణ ప్రముఖులు సమావేశమై పన్నెండుగురితో నొక సంఘము నేర్పరచిరి. స్థానిక స్వపరిపాలనను గూర్చి రిప్పన్ ప్రభువు తీర్మానము వెలువడినది అదే సంవత్సరము మే నెలలో. అనగా పై అధికారి ఉత్తరువు రాకమునుపే పౌరులు పని మొదలుపెట్టిరి. ఇది మెచ్చదగిన సంగతి.

ఇక జమ పద్దు చూతము. దాతల పట్టికలో తిరువాన్కూరు, మైసూరు, పుదుక్కోట ప్రభువులు కలరు. వారందరిలో అగ్రగణ్యుడు మన తెలుగు ప్రభువే, విజయనగర మహారాజు పూసపాటి ఆనందగజపతి. 1883 డిసెంబరు 17వ తేదీన శంకుస్థాపన చేసినదియు ఆయనయే. గురజాడ అప్పారావుగారు తమ కన్యాశుల్కమును అంకితమిచ్చినది ఈ ప్రభువునకే. సాయణభాష్యముతోడి ఋగ్వేదమును మాక్సుముల్లరు పండితుడు రెండవసారి ముద్రించుటకు ద్రవ్యమిచ్చినదియు ఈయనయే. గురువు లేక నిఘంటువును ముందుంచుకొని శాస్త్రములు చదువుకొన్న నాబోటివాడు ఆ యొక్క దానమునకే ఆయనకు నమస్కరింపవలసి యున్నది.

పట్టికలోని మరియొక పేరును నేను దాటిపోలేను. అది మద్రాసు హైకోర్టునకు తొలి భారతీయ న్యాయాధిపతియైన తిరువారూరు ముత్తుస్వామి అయ్యరుగారిది. ఆయన బాల్యమున కడుపేదయై, గ్రామ కరణమునకు సహాయుడుగా నెలకొక రూపాయి జీతముపై లెక్కలు వ్రాసెను. మహారాజుల వరుసలో మా వృత్తివాని పేరొకటి కనబడుట నాకు కొంత గర్వకారణమే; పాఠకులు మన్నింతురు గాక.

అయితే జమ పద్దును మరియొక మెట్టు క్రిందికి దిగి చూడవలెను. మహారాజు ఇచ్చిన సొమ్ము మహారాజునకు ఎచటినుండి వచ్చెను? 1802 నాటి శాశ్వత పరిష్కారమున కుంపిణీవారికి కట్టవలసిన పేష్కషు స్థిరపడెను. రైతునుండి రాబట్టు శిస్తులో ఆ పేష్కషు పోగా మిగిలినది జమీందారునిది. పౌరులు పచ్చయప్ప హాలులో కూడిన నాటికి ధాత కరువు గడచి నాలుగైదేండ్లే యైనది. 1876 మొదలు 1878 వరకు బళ్లారి, కర్నూలు, కడప సీమలలో జనము గంజికేంద్రముల ముంగిట పడియుండిన కాలమది. ఆ పరిష్కారపు లెక్కను బట్టి చూడగా, ఆ మేడలోని యిటుకలలో కొన్నిటికి వెల చెల్లించినవాడు విజయనగర సీమలోని పేరులేని రైతు. ఆనందగజపతి ఔదార్యమునకు దీనివలన కొరత రాదు. ఆ ధనమును మరియొక విధముగ వ్యయించిన జమీందారులును కలరు. కాని దాతల పట్టిక వ్రాయునప్పుడు ఈ గడి ఖాళీగా నుండుట లెక్కకు లోపమే. ఆ జమీందారీలే 1948 నాటి చట్టముతో రద్దయినవి.

భూమి పద్దు ఇంకను విచిత్రమైనది. పీపుల్సు పార్కునందు 3 ఎకరముల 14 సెంట్లు, అనగా చెన్నపట్టణపు కొలతలో 57 గ్రౌండ్లు, మునిసిపాలిటీవారు 1886 ఏప్రిలులో 99 ఏండ్ల కౌలునకిచ్చిరి. గ్రౌండుకు ఏడాదికి 8 అణాలు. లెక్క వేయగా మొత్తము 28 రూపాయల 8 అణాలగును. తేదీలను గమనింపుడు. శంకుస్థాపన 1883 డిసెంబరు. కౌలు 1886 ఏప్రిలు. పునాదిరాయి పడిన రెండేండ్ల నాలుగు మాసములకు గాని భూమికి కాగితము పుట్టలేదు! మహారాజు చేతులమీదుగ జరిగిన కార్యమును అడ్డగించువా డెవడు? మన గ్రామములలో ఎవడైన ఇట్లు చేసినచో ఆక్రమణ కేసు వ్రాయుదుము.

చివరకు భవనము లేచినది. ఆకృతిని కల్పించినవాడు రాబర్టు ఫెలోస్ చిషోలము. తిరువనంతపురములోని నేపియరు మ్యూజియమును నిర్మించినవాడును ఆయనయే. అందుచేతనే కాబోలు, ఈ మందిరపు గోపురము కప్పు మలయాళదేశపు తీరున నుండును. కట్టినవాడు తాటికొండ నంబెరుమాళ్ శెట్టి. ఇంటిపేరు వినగానే తెలుగుకుదురు తెలియును. 1887లో రాణి సింహాసనమెక్కి ఏబదియేండ్లు నిండగా, ఆ మరుసటి జనవరిలో పౌరసభ తీర్మానించి భవనమునకు విక్టోరియా పేరు పెట్టిరి. ఆమె ఈ దేశమున ఎన్నడును అడుగుపెట్టినది కాదు. మన వీరుల గుడిలో ఒక్కొక్క వీరుని పేర ఒక్కొక్క రాయి కలదు; వారందరు ఈ నేలపై రక్తమోడ్చినవారు. చెన్నపట్టణపు పద్ధతి అందుకు తలక్రిందు. బెజవాడలో 1887లో ఏర్పడిన విక్టోరియా జూబిలీ మ్యూజియము నేడు బాపు మ్యూజియమైనది గాని, చెన్నపట్టణపు హాలునకు మాత్రము రాణి పేరు నిలిచిపోయెను.

పేరు రాణిదైనను వాడుక ప్రజలదే యయ్యెను. 1891లో బళ్లారినుండి ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు తమ సరసవినోదినీ సభను వెంటగొని వచ్చి, ఈ హాలునందు తెలుగు నాటకములాడిరి. పదునైదేండ్ల క్రిందట కరువున మాడిన బళ్లారి అది. ఉద్యోగస్థులును న్యాయవాదులును వేషములు కట్టి ఆడుట చూచిన యువకుడొకడు, నాటకమనిన గౌరవము లేనివాడు, ఆనాటితో మారిపోయెను. అతడు పమ్మల్ సంబంధ మొదలియారు. ఆ యేడే సుగుణవిలాస సభను స్థాపించి, పిమ్మట ఆధునిక తమిళ నాటకమునకు తండ్రి యనిపించుకొనెను. తెలుగు నాటకము తమిళ నాటకమునకు బీజము వేసినది ఈ మందిరమునందే యని చెప్పుట అతిశయోక్తి కాదు. 1897లో పశ్చిమదేశములనుండి మరలివచ్చిన వివేకానందస్వామి తన కార్యక్రమమును జనులకు వెల్లడించినదియు ఇచటనే. దాతలు వీనిలో దేనిని ఊహించియుందురు?

99 ఏండ్లు 1985లో నిండినవి. కట్టడము ధర్మకర్తలది, నేల నగరముది. హక్కును గూర్చి వివాదము పొడమి న్యాయస్థానములకెక్కెను. మేడ ఏండ్ల తరబడి తలుపులు మూసికొని శిథిలమగుచుండెను. ఇటీవలి కాలమున నగరపాలక సంస్థవారే పెద్ద మొత్తములు వ్యయించి పునరుద్ధరణమునకు పూనుకొనిరి. ఏడాదికి 28 రూపాయల 8 అణాల కాగితమే మహారాజుల చందాలకంటె బలీయమైనది.

దీనిప్రక్కన రాజమహేంద్రవరపు పురమందిరమును నిలిపి చూడవలెను. 1890లో కందుకూరి వీరేశలింగం పంతులుగారు దానిని కట్టించిరి. ఆయన జమీందారు కాడు. తెలుగు చెప్పుకొని, గ్రంథములు వ్రాసి ఆర్జించినవాడు. 1881 డిసెంబరు 11వ తేదీన మొదటి వితంతు వివాహము జరిపించి వెలివేతకు గురియైన మనుష్యుడు, తన్ను వెలివేసిన ఊరికే సభాభవనము కట్టి యిచ్చుట నాకు ఆనందగజపతి దానముకంటె పెద్దదిగా తోచును. పరిమాణమున అది చెన్నపట్టణపు మేడ ముందు చిన్నదే. మన వైపు బాపట్ల పురమందిరమున 1913 మే నెలలో బయ్యా నరసింహేశ్వరశర్మగారి యధ్యక్షతను ప్రథమాంధ్ర మహాసభ జరిగెను; ప్రత్యేకాంధ్ర రాష్ట్రపు మాట బహిరంగముగ చర్చకు వచ్చినది ఆ గోడలనడుమనే. ఆ మరుసటి యేడు ఏప్రిలు 10న బెజవాడలో గ్రంథాలయముల ప్రతినిధులు తొలిసారి సమావేశమైరి.

గ్రంథాలయముల మాట వచ్చినది గనుక మన జమ పద్దును కూడ చెప్పవలెను. 1960 నాటి పౌర గ్రంథాలయ చట్టము ననుసరించి ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా చేరును. పూరిల్లుగలవాడును మేడగలవాడును తమతమ పాళ్లు చెల్లింతురు. ఒక విధముగ బ్రహ్మనాయుని చాపకూడు వంటిదే. విజయనగరపు రైతువలె ఇచట దాత పేరులేనివాడు కానక్కరలేదు, రసీదు అతని చేతిలోనే యుండును. వసూలైన పన్ను గ్రంథాలయ సంస్థకు సకాలమున జమయగుచున్నదా యని ఏటేట గ్రామ సభలో అడుగు హక్కును అతనికి కలదు. అడుగువారు అరుదు.

కార్యవర్గమువారికి ఒక్క విన్నపము. రజతోత్సవమునకు చందాలిచ్చినవారి పట్టిక గోడకెక్కించుటకు ముందు, గ్రంథాలయ స్థలము యొక్క దస్తావేజు నకలును, హద్దుల పటమును, సర్వే నంబరుతో సహా ఒక కవరులో నుంచి, పుస్తకముల జాబితాతోపాటు బీరువాలో భద్రపరుపుడు. మూలప్రతి యొకరి యింటిలో నుండరాదు. హద్దులు కొలిచి పటము వ్రాయుటకు నేను సిద్ధముగా నున్నాను. గొలుసు నాయొద్ద కలదు.