చేపాక్కం వీథిలో తెలుగు అడుగుజాడలు



చెన్నపట్నంలో పుట్టి పెరిగిన తెలుగు పిల్లలను అడిగి చూడండి. చేపాక్కం అనగానే క్రికెట్ మైదానమే జ్ఞప్తికి తెచ్చుకుంటారు. ఆ మైదానానికి కూతవేటు దూరంలో, మెరీనా తీరానికి అభిముఖంగా, తెలుగు చదువుల చరిత్రలో పెద్ద భాగం రాతి కట్టడాలుగా నిలిచి ఉన్నదని వారికి చెప్పేవారు తక్కువ. అందుచేతనే ఈ వ్యాసం. సెలవు దినాన పిల్లలను వెంటబెట్టుకొని సముద్రతీరానికి వెళ్ళే ఉపాధ్యాయ మిత్రులు ఒక పూట ఈ వీథికి కేటాయించగలరని నా ఆశ.

ముందుగా నవాబుగారి కోట. ఆర్కాటు నవాబు ముహమ్మదలీ వాలాజా 1768లో చేపాక్కం భవనాన్ని కట్టించుకొన్నాడు. 1855లో ఆ వంశపు నవాబు పదవి అంతరించడంతో అది ఆంగ్ల ప్రభుత్వపు చేతికి వచ్చింది. ఖల్సా మహలు, హుమాయూన్ మహలు అని దానిలో రెండు భాగాలు. 2012 జనవరిలో అగ్నిప్రమాదం సంభవించి ఖల్సా మహలు చాలవరకు కాలిపోయింది. పిమ్మట దానిని పూర్వరూపంలోనే పునరుద్ధరించారు. ఆ కట్టడపు పోకడనే అనుసరించి, ఇస్లామీయ, హైందవ, ఐరోపా శిల్పరీతులను మేళవించి, పక్కనే సెనేట్ మందిరాన్ని నిర్మించినవాడు రాబర్టు చిషం. 1874లో మొదలైన పని 1879లో ముగిసింది. లోపలి రంగుటద్దాల కిటికీలను చూచి పిల్లలు నోరు తెరవక మానరు. చాలకాలం ఆలనాపాలనా లేక పడి ఉన్న ఆ మందిరానికి విశ్వవిద్యాలయపు నూటయాభై ఏండ్ల ఉత్సవాల నాటికి మరమ్మతులు జరిగాయి.

విశ్వవిద్యాలయం మాత్రం ఈ మందిరం కన్న పెద్దది. కలకత్తా, బొంబాయి విశ్వవిద్యాలయాలతోపాటు 1857లోనే అది ఏర్పడింది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చేవరకు గంజాం మొదలు నెల్లూరు వరకు ఉన్న తెలుగు జిల్లాల విద్యార్థి ఏ పట్టం పుచ్చుకోవాలన్నా ఈ చెన్నపురి పరీక్షలే గతి. ఆ పరీక్షల్లో తెలుగు ఎట్లా వ్రాయాలి అన్న ప్రశ్నే ఒకనాడు పెద్ద రణానికి కారణమైంది.

ఆ సంగతి కొంత వివరంగా చెప్పవలసినదే. 1911 నుండి నాలుగేండ్లపాటు వ్యాసరచన ఏ భాషలో ఉండాలన్నది విశ్వవిద్యాలయం ముందున్న వివాదం. శిష్టుల వాడుక భాషకు చోటివ్వాలన్నవారు గురజాడ అప్పారావుగారు, గిడుగు రామమూర్తిగారు. గ్రాంథికమే ఉండాలన్న పక్షాన నిలిచినవారు జయంతి రామయ్యగారు, వారి అనుయాయులు. గిడుగువారు దీర్ఘకాలం అధ్యాపకులుగా ఉన్న పర్లాకిమిడి నేడు ఒడిశాలోనిది. అక్కడి మన తెలుగువారు ఈ మాట మరువరాదు. గురజాడవారు 1914లో తమ అసమ్మతిని సుదీర్ఘమైన పత్రంగా ఆంగ్లంలో వ్రాసి సమర్పించారు. అయినా ఆనాడు నెగ్గినది గ్రాంథిక పక్షమే. మరుసటి ఏటనే ఆయన కన్నుమూశారు. పరీక్ష కోసం వ్రాసే భాషకు, ఇంట మాట్లాడే భాషకు నడుమ పిల్లవాడు నలిగిపోవడం ఎట్టిదో తెలియాలంటే, తమిళం నడుమ తెలుగు చదివే మన పిల్లలను చూస్తే చాలు. 2006లో వచ్చిన తమిళ అభ్యాస చట్టం తరువాత, ఆ తొలి విద్యార్థులు పదవ తరగతికి చేరిన 2016లో మన బడులు పడిన ఆందోళన మీకందరికీ తెలిసినదే.

మళ్ళీ వీథిలోకి వద్దాం. దక్షిణంగా నడిస్తే ప్రెసిడెన్సీ కళాశాల. 1840లో చిన్న పాఠశాలగా పుట్టిన ఆ సంస్థకు తెలుగు పండితుడు పరవస్తు చిన్నయసూరి. మనం తరగతిలో చెప్పే మిత్రలాభం, మిత్రభేదం ఆయన 1853లో వెలువరించిన నీతిచంద్రికలోనివి. బాలవ్యాకరణం 1858 నాటిది. తీరాన కనిపించే ఈ కళాశాల భవనం 1870లో తెరిచేనాటికి సూరి జీవించి లేరు. కనుక ఆయన ఈ మెట్లెక్కి పాఠం చెప్పారని పిల్లలతో అనవద్దు. ఆయన శ్రీపెరుంబూదూరు ప్రాంతంవాడని మాత్రం తప్పక చెప్పండి. తెలుగు వ్యాకరణాన్ని నేటికీ శాసిస్తున్న గ్రంథం గోదావరి ఒడ్డునో కృష్ణ ఒడ్డునో కాక తమిళనాట పుట్టిందన్న సంగతి మన పిల్లలకు ఎంత ధైర్యమిస్తుందో నేను తరగతిలో చూశాను. అదే కళాశాలలో 1909లో తత్త్వశాస్త్ర బోధన ప్రారంభించినవారు సర్వేపల్లి రాధాకృష్ణన్. గణితం చెప్పి, 1924లో విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా మారినవారు రంగనాథన్. గ్రంథాలయశాస్త్రపు ఐదు సూత్రాలు ఆయనవే.

విశ్వవిద్యాలయ గ్రంథాలయపు ఎర్రని భవనం 1936 నాటిది. మెకంజీ సేకరించిన కైఫీయతులు, బ్రౌను దొర ఊరూరా వెదకి వ్రాయించిన తాళపత్ర, కాగిత ప్రతులు ఉన్న ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారం చాలకాలం ఈ ఆవరణలోనే ఉండేది. ఏలూరికి చెందిన కావలి సోదరులు లేనిదే మెకంజీకి ఆ నిధి దక్కేది కాదు. దొరల పేర్లు చెప్పినంతగా వారి పేర్లు మనం చెప్పుకోము. 1927లో ఏర్పడిన తెలుగు శాఖకు కోరాడ రామకృష్ణయ్యగారు తొలి పెద్ద. తరువాతివారైన నిడుదవోలు వేంకటరావుగారు తంజావూరు, మధుర ప్రాంతాల తెలుగు సాహిత్యాన్ని 'దక్షిణదేశీయాంధ్ర వాఙ్మయము'గా గ్రంథస్థం చేశారు. మన తాతముత్తాతల సాహిత్యమది. పాఠశాల గ్రంథాలయానికి ఒక ప్రతి సంపాదించడానికి ప్రయత్నించండి.

వెళ్ళేవారికొక సూచన. చేపాక్కం రైల్వేస్టేషనులో దిగితే నడక సుఖం. సెనేట్ మందిరం లోపలికి వెళ్ళడానికి ముందుగా అనుమతి అడిగి ఉంచుకోవడం మేలు. వ్రాతప్రతులు చూడగోరేవారు మాత్రం ఇక్కడ వెదకవద్దు. ఆ భాండాగారం ఇప్పుడు కోట్టూరుపురంలోని అన్నా శతజయంతి గ్రంథాలయ భవనంలో ఉన్నది.