మాటల్లో నిలిచిన యుద్ధం: స్థానిక, సైనిక చరిత్ర రచనలో సంభాషణల పాత్ర

7.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• స్థానిక చరిత్ర, సైనిక చరిత్రల రచనకు సంభాషణలు ఎలా ఆధారమవుతాయో వివరించగలుగుతారు.
• మౌఖిక చరిత్రకు, మౌఖిక సంప్రదాయానికి గల తేడాను గుర్తించగలుగుతారు.
• 1757 నాటి బొబ్బిలి యుద్ధం ఆధారంగా లిఖిత, మౌఖిక కథనాలను పోల్చి పరిశీలించగలుగుతారు.
• మీ ప్రాంతంలో ఒక చిన్న క్షేత్ర పరిశోధన చేపట్టగలుగుతారు.

7.1 ప్రస్తావన

యుద్ధాల చరిత్ర అనగానే మనకు తేదీలు, సేనానుల పేర్లు, ఒప్పందాలు గుర్తుకు వస్తాయి. ఇవి ఎక్కువగా ప్రభుత్వ దస్తావేజుల నుంచి వచ్చినవి. అదే యుద్ధం గురించి ఆ ఊరి రైతు, కథ చెప్పే జంగం, రిటైరైన సైనికుడు, చరిత్ర మీద ఇష్టంతో నాణేలు, పాత ఉత్తరాలు సేకరించే బడిపంతులు చెప్పే సంగతులు వేరుగా ఉంటాయి. వీరిలో ఒక్కొక్కరికి ఒక్కొక్క విషయం తెలుసు. వారితో మాట్లాడి, విన్నదాన్ని పరీక్షించి, చరిత్ర రచనకు వాడుకోవడం ఎలాగో ఈ భాగంలో తెలుసుకొంటారు.

తెలుగు దేశంలో ఈ పద్ధతి కొత్తది కాదు. 18వ శతాబ్దం చివర, 19వ శతాబ్దం ఆరంభంలో కల్నల్ కాలిన్ మెకంజీ దక్షిణ భారతమంతటా స్థానిక చరిత్రలను సేకరింపజేశాడు. ఆ పనికి వెన్నెముకగా నిలిచినవారు కావలి బొర్రయ్య, ఆయన సోదరులు. బొర్రయ్య 1803లో మరణించగా లక్ష్మయ్య ఆ పని కొనసాగించాడు. వీరు, వీరి సహాయకులు ఊరూరా తిరిగి కరణాలను, పూజారులను, వృద్ధులను అడిగి రాసుకొన్నవే నేడు మనం కైఫీయత్తులు అంటున్న గ్రామ చరిత్రలు. అంటే మన స్థానిక చరిత్రకు ముఖ్యమైన లిఖిత ఆధారాల్లో ఒకటి సంభాషణల నుంచే పుట్టింది.

7.2 మౌఖిక చరిత్ర, మౌఖిక సంప్రదాయం

బెల్జియం చరిత్రకారుడు యాన్ వాన్సినా ఆఫ్రికా సమాజాలను అధ్యయనం చేసి ఈ రెండింటిని వేరుచేసి చూపాడు. చెప్పే వ్యక్తి తన జీవితకాలంలో స్వయంగా చూసినది, అనుభవించినది చెబితే అది మౌఖిక చరిత్ర. తాను పుట్టకముందు జరిగినదాన్ని పెద్దల నుంచి విని చెబితే అది మౌఖిక సంప్రదాయం. రెండూ ఆధారాలే. కాని వాటిని పరీక్షించే పద్ధతి వేరు.

ఒక ఉదాహరణ చూద్దాం. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. భయంతో అనేక కుటుంబాలు విశాఖ విడిచి పల్లెలకు తరలిపోయాయి. ఆనాడు పదేళ్ల పిల్లవాడిగా ఆ విమానాల మోత విన్న వ్యక్తి నేడు తొంభై ఏళ్లు దాటిన వృద్ధుడు. ఆయన చెప్పేది మౌఖిక చరిత్ర. ఆయన మనవడు చెప్పేది మౌఖిక సంప్రదాయం. మొదటిదాన్ని నమోదు చేసుకోవడానికి మనకు మిగిలిన కాలం చాలా తక్కువ. ఏ బండి ఎక్కి ఊరు విడిచారు, ఎవరి ఇంట తలదాచుకొన్నారు, మళ్లీ ఎప్పుడు తిరిగివచ్చారు వంటి వివరాలు ఏ సైనిక నివేదికలోనూ దొరకవు. చెప్పేవారు పోతే అవీ పోతాయి.

7.3 బొబ్బిలి యుద్ధం: రెండు కథనాలు

1757 జనవరి 24న బొబ్బిలి కోట వద్ద యుద్ధం జరిగింది. ఒకవైపు ఫ్రెంచి సేనాని బుస్సీ, ఆయనతో కలిసివచ్చిన విజయనగర ప్రభువు పూసపాటి విజయరామరాజు. మరొకవైపు బొబ్బిలి పాలకుడు రంగారావు. ఈ యుద్ధం గురించి మనకు రెండు ప్రధాన కథనాలు ఉన్నాయి.

7.3.1 ఓర్మ్ కథనం

ఈస్టిండియా కంపెనీ చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ తన గ్రంథం రెండో సంపుటిలో (1778) ఈ యుద్ధాన్ని వర్ణించాడు. ఆయన ప్రకారం దాడి తెల్లవారుజామున మొదలైంది. ఫిరంగులను కోట నాలుగు బురుజుల మీదికి గురిపెట్టారు. తొమ్మిది గంటలకు పిట్టగోడలు కొన్ని దెబ్బతినగా సైనికులు నిచ్చెనలు వేసి ఎక్కబోయారు. గంటసేపు ప్రయత్నించినా ఒక్కరూ గోడ దాటలేకపోయారు. రెండో దాడిని కూడా కోటలోనివారు ఎదుర్కొన్నారు. మధ్యాహ్నం రెండు గంటలకు రంగారావు తన ముఖ్యులను సమావేశపరిచాడు. శత్రువుల చేతికి చిక్కకుండా స్త్రీలను, పిల్లలను తామే చంపి, చివరివరకు పోరాడాలని నిశ్చయించారు. అలాగే జరిగింది. రంగారావు తుపాకీ గుండు తగిలి మరణించాడు. ఒక వృద్ధుడు రంగారావు కుమారుణ్ణి దాచి కాపాడి, లా అనే ఫ్రెంచి అధికారికి అప్పగించాడు.

యుద్ధం తరువాత రంగారావు సైనికులు నలుగురు తప్పించుకొన్నారు. వారిలో ఇద్దరు రాత్రివేళ విజయరామరాజు గుడారంలోకి వెనుకవైపు నుంచి పాకి వెళ్లి ఆయనను పొడిచి చంపారు. శరీరం మీద 32 గాయాలున్నాయని ఓర్మ్ రాశాడు. ఆ ఇద్దరిని కావలివాళ్లు అక్కడికక్కడే కాల్చి చంపారు. ఓర్మ్ వారి పేర్లు చెప్పలేదు.

7.3.2 జనం చెప్పుకొన్న కథ

బుర్రకథల్లో, జంగం కథల్లో, ఇళ్లలో చెప్పుకొనే కథలో విజయరామరాజును చంపినవాడు తాండ్ర పాపారాయుడు. యుద్ధ సమయంలో ఆయన రాజాంలో ఉన్నాడని, వార్త ఆలస్యంగా అందిందని, వచ్చేసరికి కోట పడిపోయిందని, పగతీర్చుకొని ఆత్మార్పణ చేశాడని కథ. రాణి మల్లమ్మకు ఈ కథలో పెద్ద స్థానం ఉంది. 18వ శతాబ్దం చివర దిట్టకవి నారాయణకవి రంగరాయ చరిత్రము అనే కావ్యం రాశాడు. మల్లంపల్లి సోమశేఖర శర్మ బొబ్బిలి యుద్ధ కథను పరిష్కరించి ప్రచురించారు. 1964లో బొబ్బిలి యుద్ధం, 1986లో తాండ్ర పాపారాయుడు సినిమాలు వచ్చాయి.

7.4 రెండు కథనాలను ఎలా చూడాలి?

చాలామంది విద్యార్థులు ఓర్మ్‌ది చరిత్ర, జంగం కథ కల్పన అని వెంటనే నిర్ణయిస్తారు. ఈ నిర్ణయానికి ముందు ఓర్మ్‌కు ఈ సంగతులు ఎలా తెలిశాయని అడగాలి. యుద్ధం జరిగినప్పుడు ఓర్మ్ మద్రాసులో కంపెనీ కౌన్సిల్ సభ్యుడు. బొబ్బిలి కోటను ఆయన కళ్లారా చూసి రాయలేదు. ఆయన పని పద్ధతి ఏమిటంటే, యుద్ధాల్లో పాల్గొన్న అధికారులకు ఉత్తరాలు రాయడం, వారిని కలిసి అడగడం, వారి కాగితాలు సేకరించడం. 1773లో ఫ్రాన్సుకు వెళ్లి స్వయంగా బుస్సీనే కలుసుకొన్నాడు. అంటే ఓర్మ్ గ్రంథం కూడా ఒక శ్రోత రాసిపెట్టిన మాటలే. ఆయన విన్నది ముఖ్యంగా కోట బయట ఉన్నవారి మాటలు. జంగం కథలో వినిపించేది కోట లోపలివారి పక్షం.

ఈ విషయం గ్రహిస్తే పోలిక సులభమవుతుంది. మూడు మెట్లుగా చూడండి.

(అ) రెండు పక్షాలూ ఒప్పుకొనేవి. స్త్రీల, పిల్లల మరణం, రంగారావు కుమారుడు బతికి బయటపడటం, విజయరామరాజు గుడారంలో హత్యకు గురికావడం. పరస్పర విరోధుల వైపు నుంచి వచ్చిన కథనాలు కలిసే చోట మన నమ్మకం బలపడుతుంది.

(ఆ) విభేదించేవి. హంతకులు పేరులేని ఇద్దరు సైనికులా, పాపారాయుడా? ఓర్మ్ పేరు రాయలేదు కాబట్టి పాపారాయుడు లేడని చెప్పడం తొందరపాటు. హంతకులను పట్టుకొని విచారించలేదు, అక్కడే కాల్చేశారు. శిబిరంలోనివారికి వారి పేర్లు తెలిసే అవకాశం తక్కువ. మరోవైపు, పలువురు చేసిన పనిని ఒక్క వీరుడి పేరున చేర్చి చెప్పడం వీరగాథలన్నిటిలో కనిపించే లక్షణం. ఈ రెంటినీ మీ వ్యాసంలో పక్కపక్కన పెట్టాలి.

(ఇ) ఒక పక్షం మాత్రమే చెప్పేవి. ఎన్ని గంటలకు ఏ దాడి జరిగిందో ఓర్మ్ చెబుతాడు. లోపలివారి ఆవేదన, కుటుంబ సంబంధాలు, మాట పట్టింపులు జంగం కథ చెబుతుంది.

7.5 ఎవరిని ఏమి అడగాలి?

చెప్పేవారికి సహజంగా తెలిసే అవకాశమున్నదాన్నే వారిని అడగాలి. ఇది ఈ భాగంలో మీరు గుర్తుంచుకోవలసిన ముఖ్య సూత్రం.

సైనిక అనుభవం ఉన్నవారు: రిటైరైన సైనికుడికి 1757 నాటి సంగతులు తెలియవు. కాని ఆయుధానికి, నేలకు ఉన్న సంబంధం తెలుసు. ఓర్మ్ వర్ణనలో ఫిరంగులు పిట్టగోడలను పడగొట్టాయి, అయినా సైనికులకు నిచ్చెనలు అవసరమయ్యాయి. ఎందుకు? మందపాటి మట్టిగోడలో గుండు దిగబడుతుందే గాని, రాతిగోడలాగా అది పగిలి కూలదు. తేలిక ఫిరంగులతో దారి తెరవడం కష్టం. ఇలాంటి వివరణ ఫిరంగి దళంలో పనిచేసిన వ్యక్తి నుంచి త్వరగా దొరుకుతుంది.

స్థానిక చరిత్రాభిమానులు: వీరి బలం స్థలజ్ఞానం. బొబ్బిలికి మొదటిసారి వెళ్లినవారు ఇప్పుడున్న కోటను చూసి యుద్ధం ఇక్కడే జరిగిందనుకొంటారు. ప్రస్తుత కోట యుద్ధానంతర కాలపుది. పాత కోట స్థలం వేరు, అక్కడ యుద్ధ స్మారక స్తంభం ఉంది. ఊరివారిని అడగకుండా రాసిన వ్యాసంలో ఈ పొరపాటు సులభంగా దొర్లుతుంది.

రైతులు: ఓర్మ్ చెప్పిన వైరకారణాల్లో వాగుల నీటిని మళ్లించుకోవడం ఒకటి. ఏ వాగు ఎటు పారేది, ఏ చెరువు దేనితో నిండేది అనేది రైతుకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. రాజుల పంతం వెనుక ఉన్న నీటి తగాదా అప్పుడు కనిపిస్తుంది.

కథకులు: వీరిని యుద్ధం ఎలా జరిగిందని అడిగితే కథ చెబుతారు. కథ ఎవరి దగ్గర నేర్చుకొన్నారు, ఏ ఊళ్లో ఏ ఘట్టం ఎక్కువ అడుగుతారు, సినిమా వచ్చాక కథలో ఏమి మారింది అని కూడా అడగాలి. కొన్ని సన్నివేశాలు తాత నుంచి వచ్చాయా, తెర మీది నుంచి వచ్చాయా అనేది అప్పుడే తేలుతుంది.

7.6 క్షేత్ర పరిశోధనలో పాటించవలసినవి

1. వెళ్లేముందు అచ్చయిన సమాచారం చదవండి. ఏమీ తెలియనివారికి చెప్పేవారు పైపైన చెప్పి పంపుతారు.
2. మాటలు రికార్డు చేయడానికి అనుమతి తీసుకోండి. పేరు రాయవద్దంటే రాయకండి.
3. జవాబును లోపలే పెట్టుకొన్న ప్రశ్న వేయకండి. "పాపారాయుడే చంపాడు కదండీ?" అని అడిగితే అవునంటారు. "ఆ రాత్రి ఏమి జరిగిందని మీ పెద్దలు చెప్పేవారండీ?" అని అడగండి.
4. ప్రతి సంగతికీ "ఇది మీరు చూసిందా, విన్నదా, చదివిందా?" అని తెలుసుకొని నమోదు చేయండి.
5. వీలైతే ఆ స్థలంలోనే మాట్లాడండి. నేలను చూస్తే మరచిన సంగతులు గుర్తుకు వస్తాయి.
6. వంశ, కుల, సంస్థాన అభిమానాలను గౌరవిస్తూ వినండి. ఒక ఇంటి గర్వకారణం మరో ఇంటి గాయం కావచ్చు. బొబ్బిలిలో విన్నదాన్ని విజయనగరంలో కూడా విన్న తరువాతే రాయండి.
7. రాసినదాన్ని చెప్పినవారికి చదివి వినిపించండి. మీ పొరపాట్లు సరిదిద్దుతారు.

7.7 సారాంశం

స్థానిక చరిత్రలో, సైనిక చరిత్రలో సంభాషణ ఒక ముఖ్యమైన ఆధారం. కైఫీయత్తులు దానికి నిదర్శనం. ఓర్మ్ గ్రంథం వంటి లిఖిత ఆధారం వెనుక కూడా చెప్పినవారు, విన్నవారు ఉన్నారు. కాబట్టి అచ్చయినదానికీ, నోటి మాటకూ ఒకే ప్రశ్న వర్తిస్తుంది: ఎవరు, ఎక్కడ ఉండి, ఎవరికి చెప్పారు? బొబ్బిలి యుద్ధంలో ఇరుపక్షాల కథనాలు కలిసేచోట, విడిపోయేచోట మనకు తెలిసే సంగతులు వేరువేరు. ఆ రెండూ చరిత్రకు అవసరమే.

7.8 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. మౌఖిక చరిత్రకు, మౌఖిక సంప్రదాయానికి తేడా ఏమిటి?
2. విజయరామరాజు హత్య గురించి ఓర్మ్ కథనానికి, జనశ్రుతికి గల భేదాలను తెలపండి.
3. ఓర్మ్ తన సమాచారాన్ని సేకరించిన పద్ధతిని వివరించి, దాని పరిమితులను చర్చించండి.
4. మీ ఊరి కోట, చెరువు, వీరగల్లు లేదా స్మారక స్తంభాల్లో ఒకదాన్ని ఎంచుకొని, దాని గురించి ముగ్గురు వేర్వేరు వ్యక్తులతో మాట్లాడి, వారు చెప్పినవాటిని పోలుస్తూ రెండు పేజీల వ్యాసం రాయండి.

7.9 ముఖ్య పదాలు

కైఫీయత్తు: గ్రామ లేదా స్థల చరిత్రను తెలిపే స్థానిక కథనం.
జనశ్రుతి: ప్రజల్లో ఒకరి నుంచి ఒకరికి ప్రచారంలో ఉన్న మాట.
బురుజు: కోటగోడ మూలల్లో, మధ్యలో కట్టే బలమైన గుండ్రని కట్టడం.
వీరగల్లు: పోరులో మరణించిన వీరుడి జ్ఞాపకార్థం నిలిపిన శిల.