కొత్త రంగు పడని డయల్

జెనీవాలో 1932 నాటికి పటెక్ ఫిలిప్ కంపెనీ నిలదొక్కుకోలేని స్థితికి వచ్చింది. ఆర్థిక మాంద్యంలో ఖరీదైన గడియారాలు కొనేవాళ్లు కరువయ్యారు. అప్పుడు దాన్ని కొన్నవారు షార్ల్, జాన్ స్టెర్న్ అనే అన్నదమ్ములు. అప్పటిదాకా వాళ్లు ఆ కంపెనీకే డయళ్లు చేసి ఇచ్చేవారు. సరుకు అందించే చేతులే సంస్థను నిలబెట్టాయన్నమాట.

ఆ ఏడాదే 96 నంబరు మోడల్ వచ్చింది. అడ్డుకొలత సుమారు 31 మిల్లీమీటర్లు. గుండ్రని కేసు, సన్నని ముళ్లు, అంకెల బదులు చిన్న గీతలు, ఆరు దగ్గర బుల్లి సెకన్ల వలయం. అంతకుమించి ఏమీ లేదు. తర్వాతి కాలంలో ‘కలట్రావా’ అని పిలుచుకున్న ఈ వాచీయే సూటుతో పెట్టుకునే డ్రెస్ వాచీకి నమూనా అయింది. స్టెర్న్ వారి పనితనం చూడాలంటే డయల్ మీది పేరు చూడాలి. అక్షరాలను లోహంలో చెక్కి, ఆ గాడిలో ఎనామెల్ నింపి, కొలిమిలో కాల్చేవారు. పైపైన అద్దిన సిరాలా అది సులువుగా చెరిగిపోదు.

జెనీవాకు గడియారాల విద్య అబ్బడం వెనక మతం ఉంది. 16వ శతాబ్దంలో కాల్విన్ సంస్కరణలు ఆడంబరపు నగలను అణచడంతో కంసాలులు గడియారాల వైపు మళ్లారు. ఫ్రాన్స్ నుంచి పారిపోయి వచ్చిన ప్రొటెస్టెంట్ పనివాళ్లు వాళ్లకు తోడయ్యారు. 1601లో గడియారాలవాళ్ల సంఘం ఏర్పడింది. 1840లలో ఆడ్రియన్ ఫిలిప్ తాళంచెవి అక్కర్లేకుండా పిడి తిప్పి స్ప్రింగు బిగించే పద్ధతి తెచ్చాడు. తాళంచెవి పోయి ఇంతకాలమైనా తెలుగువాళ్లం ఇంకా వాచీకి ‘కీ ఇస్తూనే’ ఉన్నాం! పాత యంత్రం మాటలో బతికి ఉండటం ముచ్చటేస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పోటీ పలుచదనం మీదకు మళ్లింది. వషెరాన్ కాన్‌స్టాంటిన్ 1955లో 1.64 మిల్లీమీటర్ల యంత్రం చేసింది. రెండేళ్లకు పియాజె 2 మిల్లీమీటర్ల 9పి యంత్రం తెచ్చింది.

1969 డిసెంబరు 25న టోక్యోలో బ్యాటరీతో నడిచే సైకో క్వార్ట్జ్ వాచీ అమ్మకానికి రావడంతో ఈ ప్రపంచం తలకిందులైంది. 1970 ప్రాంతంలో దాదాపు 90 వేలున్న స్విస్ గడియార పనివాళ్లు, 1980ల నడుమకు 30 వేల చిల్లరకు పడిపోయారు. బంగారం ధర పెరిగినప్పుడు చాలా కేసులు కరిగి ముద్దలయ్యాయి. మిగిలినవాటిని ఏరుకునే ఆసక్తి అప్పుడే బలపడింది. 1974లో జెనీవాలో మొదలైన ఆంటికోరమ్ వేలం సంస్థ వాటికి పెద్ద అంగడి అయింది.

సేకరించేవాళ్ల కన్ను మొదట డయల్ మీదే పడుతుంది. కాస్త పసుపెక్కినా, చుక్కలు పడినా ఫరవాలేదు. తళతళలాడేలా తిరగరాసిన డయల్‌కు ధర సగానికి పడిపోయినా ఆశ్చర్యం లేదు. అది న్యాయమే. పసుపు వయసుతో వస్తుంది, తిరగరాత మాత్రం పాత చేతిపనిని చెరిపేస్తుంది. కేసూ అంతే. మాటిమాటికీ పాలిష్ పట్టిస్తే అంచులు మొద్దుబారి, 18 కేరట్ల స్విస్ బంగారానికి గుర్తుగా కొట్టిన హెల్వెషియా స్త్రీ తల ముద్ర అరిగిపోతుంది.

ఈ కథలో మన దేశానికీ చోటుంది. స్విస్ గడియారాల కంపెనీ ఫావ్ర్-లూబా 1865లోనే బొంబాయి చేరింది. దాని డయల్ మీది ‘17 జ్యువెల్స్’ అన్న మాట తాతల వాచీలు చూసినవాళ్లకు గుర్తే. అలాంటివి పాతబడ్డాక ముంబయి అంగళ్లలో కొత్త రంగులు వేసుకుని మళ్లీ అమ్మకానికి వస్తుంటాయి. ‘ముంబయి స్పెషల్’ అంటే ప్రపంచమంతటా సేకర్తలకు తెలుసు.

పటెక్ ఫిలిప్ తన పాత వాచీలకు తయారైన ఏడాది, అమ్మిన తేదీ దస్త్రాల్లో చూసి రాసిస్తుంది. ఆ కాగితం చేతిలో ఉన్నా కొనేవాడు భూతద్దం తీసి డయల్ మీదికి వంగుతాడు, అక్షరాల అంచుల్లో ఎనామెల్ నిండుగా ఉందో, పలచబడిందో చూడటానికి.