గిర్మిట్ నాటి టాస్కు, ఈనాటి మాత్ర

మన పూర్వులు గిర్మిట్ మీద ఫిజీకి తరలివచ్చిన వైనం మన పాఠకులకు కొత్త కాదు. 1879 మే 14న లియోనిదాస్ ఓడ ఫిజీ చేరింది మొదలు 1916 దాకా అరవై వేలకు పైగా జనం ఆ సముద్రం దాటారు. 1903 నుంచి మద్రాసు రేవు తెరుచుకున్నది. విశాఖపట్నం, గోదావరి, కృష్ణా, ఉత్తర ఆర్కాటు జిల్లాల నుంచి మనవాళ్లు ఓడ ఎక్కింది అప్పుడే. ఆ డిపోల గురించి, కూలీ లైన్ల గురించి, సర్దారుల గురించి చాలామంది రాశారు. మందుల గురించి రాసినవారు తక్కువ. ఇవాళ సిడ్నీలోను, బ్రిస్బేనులోను, మెల్‌బోర్నులోను స్థిరపడిన మన కుటుంబాలలో రక్తపుపోటో, చక్కెర వ్యాధో లేని ఇల్లు అరుదు. మాత్రలు అలమరలో వుంటాయి. వాటిని మింగడం మాత్రం ఒకనాడు వుంటే ఒకనాడు వుండదు. పనికి పోయేవారిలో ఇది మరీ ఎక్కువ. దీన్ని కొందరు డాక్టర్లు అజ్ఞానం అంటారు, ఇంట్లోవాళ్లు మొండితనం అంటారు. మాకు ఈ రెండు మాటలూ సరిపడినట్టు తోచలేదు. అందుకే కొంచెం వెనక్కు వెళ్లి చూడదలిచాము.

గిర్మిట్ అంటే అయిదేళ్ల కట్టుబాటు. టాస్కు పూర్తి చేస్తే మగవానికి రోజుకు ఒక షిల్లింగు, ఆడమనిషికి తొమ్మిది పెన్నీలు. ఇది చట్టంలో రాసిన మాట. చేతికి వచ్చింది చాలాసార్లు అంతకంటే తక్కువే. టాస్కు ఎంతో నిర్ణయించేది ఓవర్సీరు, అంటే మనవాళ్లు కులంబరు అని పిలిచే దొర. టాస్కు తప్పితే అది కూలి తగ్గడంతో పోయేది కాదు. కోర్టుకు ఎక్కే నేరం, జుల్మానా పడేది, జైలు కూడా పడేది. ఇక ఒళ్లు బాగాలేని మనిషి సంగతి ఏమిటి? తోటలో ఆసుపత్రి వుండాలని చట్టం వుంది, వుండేది కూడా. కాని జ్వరం నిజమా, బద్ధకమా అని ముందు తేల్చవలసిన వాడు కులంబరే. పనిలోకి పోని రోజుకు కూలి లేదు. ఈ విధంగా, రోగం వచ్చిందని చెప్పడం కూడా ఒక ప్రమాదమే అనే తెలివి మన పెద్దలకు పొలంలోనే అబ్బింది. ఒళ్లు నొప్పిని దాచుకుని కత్తి పట్టినవాడే గట్టివాడు. ఈ మాటను మన ఇళ్లలో ఇప్పటికీ మెచ్చుకోలుగానే చెప్పుకుంటున్నాము.

ఈ తోటలలో అధికభాగం ఎవరివో గుర్తుచేయాలి. కలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీ 1855లో సిడ్నీలో పుట్టింది. నౌసోరి, రారావై, లంబాసా, లౌటోకా మిల్లులు దానివే. మన తాతల పని లెక్కలు ఓడ మీద చేరింది ఈ దేశానికే. ఆ కంపెనీ కాగితాలు కాన్‌బెరాలోని నేషనల్ యూనివర్సిటీవారి నోయెల్ బట్లిన్ భాండాగారంలో భద్రంగా వున్నాయి. మనం ఆస్ట్రేలియాకు కొత్తగా వచ్చామని అనుకుంటాము గాని, మన చెమట మనకంటే ఎన్నో దశాబ్దాలు ముందుగా వచ్చింది.

ఆ రోజుల్లో తోట మనుషులను పీల్చిన జబ్బు కొంకిపురుగు. చెప్పులు లేని కాళ్ల నుంచి ఒంట్లోకి ఎక్కి నెత్తురు తాగేది. రాక్‌ఫెల్లర్ సంస్థవారు 1917 తరువాత ఫిజీలో దానిమీద పెద్ద ఎత్తున పని చేశారు. మందు ఇచ్చారు, పురుగు పడింది, మనిషి లేచాడు. మందు అంటే ఇది: చేదుగా వుంటుంది, ఒకసారో రెండుసార్లో మింగాలి, రోగం పోతుంది, సీసా పారేయాలి. ఒంట్లో ఏ బాధా లేనివాడు, బతికినన్నాళ్లు, రోజూ మందు మింగాలనే ఆలోచన ఆనాటి లోకంలోనే ఇంకా పుట్టలేదు. ఇన్సులిన్ మనిషికి మొదటిసారి ఎక్కించింది 1922లో. రక్తపుపోటుకు సులువుగా మింగే మాత్ర, క్లోరోథయజైడ్, వచ్చింది 1958లో. మెట్‌ఫార్మిన్‌ను జాన్ స్టెర్న్ అనే ఫ్రెంచి వైద్యుడు మధుమేహానికి వాడి చూపింది 1957లో. అంటే దినదినమూ మింగే మాత్ర వయసు మనలో అనేకమంది వయసుకంటే పెద్దది కాదు. అలవాటు కాలేదని ఎవరిని తప్పుపట్టగలం?

1920 జనవరి 1న మిగిలిన గిర్మిట్లన్నీ రద్దయ్యాయి. కంపెనీ దగ్గర పదెకరాల చెక్క కౌలుకు తీసుకుని మనవాళ్లు తామే చెరకు వేశారు. తిండి మాత్రం రేషన్ నాటి తిండే: బియ్యం, పిండి, చక్కెర. ఫిజీలో 1980లో జరిగిన పరీక్షల ఫలితాలను మెల్‌బోర్ను వైద్యుడు పాల్ జిమ్మెట్, ఆయన తోటివారు 1983లో ప్రకటించారు. భారతీయ సంతతిలో నూటికి పదిమందికి పైగా పెద్దలకు మధుమేహం వుందని తేలింది. విశేషమేమిటంటే, పల్లెలోను పట్టణంలోను లెక్క దాదాపు ఒకటే. దేశీయ ఫిజీయన్లలో మాత్రం పల్లెల్లో అది చాలా తక్కువ, పట్టణానికి వస్తేనే పెరిగింది. పొద్దు పొడిచింది మొదలు ఎండలో చెరకు నరికేవానికి కూడా ఈ జబ్బు వచ్చిందంటే, ఒళ్లు వంచనందువల్లనే చక్కెర వ్యాధి వస్తుందని మన మీద వేసే నింద ఎంత తేలిక మాటో చూడండి. అయితే చక్కెర తయారుచేసినందుకే ఈ శాపం తగిలిందని మన పెద్దలు వేళాకోళంగా అనేవారు. అందులో కొంచెం నిజం వుంది గాని, అంతా చక్కెర మీదికి తోయడం కూడా న్యాయం కాదు.

1987 మే 14న, లియోనిదాస్ వచ్చిన అదే తేదీన, ఫిజీలో సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసింది. 2000లో మరోసారి ప్రభుత్వం కూలింది. మన కుటుంబాలు గుంపులుగా ఈ దేశానికి చేరాయి. వచ్చినవారు చేసిన పనులు మనకు తెలుసు: ఫ్యాక్టరీలు, గోదాములు, వృద్ధుల ఆశ్రమాలు, ట్యాక్సీలు, బస్సులు, రాత్రి షిఫ్టులు. పర్మనెంటు పూర్తికాలం పనివానికి ఏడాదికి పది రోజులు జీతంతో కూడిన సిక్ లీవు చట్టమే ఇచ్చింది. క్యాజువల్ పనివానికి ఆ సెలవు లేదు. డాక్టరు దగ్గరకు పోయిన పూట కూలి పోయిన పూటే. తాత తోటలో వున్న లెక్కే ఇది, కొరడా ఒక్కటే లేదు.

ఇక మాత్రల సంగతి. ఒకొక్క మాత్రకు పనిచోట ఒకొక్క గొడవ వుంది. నెత్తురు పోటు తగ్గించే కొన్ని మాత్రలు మూత్రం ఎక్కువ చేస్తాయి. గంటల తరబడి చక్రం వదలలేని బస్సు డ్రైవరు పొద్దున్నే దాన్ని ఎట్లా మింగుతాడు? మెట్‌ఫార్మిన్ మొదట్లో కడుపును కలచివేస్తుంది. యంత్రం దగ్గర నిలబడ్డవానికి అది చిన్న విషయం కాదు. మరికొన్ని మధుమేహ మందులు, ఇన్సులిన్, వేసుకున్నాక భోజనం ఆలస్యమైతే చక్కెర దిగిపోయి చెమటలు పడతాయి, కళ్లు తిరుగుతాయి. భోజన విరామం ఎప్పుడో ఫోర్‌మన్ చెప్పాలి గదా. పైగా బస్సు, లారీ నడిపేవారికి ఈ మందులుంటే లైసెన్సుకు షరతులు వస్తాయి. అందుకని జబ్బునే దాచేవారున్నారు. దాచితే మందు కూడా జేబులో దాగవలసిందే. అది ఎంత ప్రమాదమో మేము తగ్గించి చెప్పడం లేదు. చక్రం ముందు కళ్లు తిరిగితే పోయేది ఒక ప్రాణం కాదు. కాని ఆ మనిషి ఎందుకు దాచాడో అడగకుండా తిట్టడం వల్ల లాభం లేదు.

పనివాళ్లు మాత్రలు ఎందుకు మానుతారనే ప్రశ్నను గట్టిగా పట్టుకున్నవారు కెనడాలో వున్నారు. హామిల్టన్ పట్టణంలోని ఉక్కు కార్ఖానా కార్మికుల మీద డేవిడ్ సాకెట్, బ్రయన్ హేన్స్ పరిశోధన చేశారు. 1975లో ప్రకటించిన ఫలితం చాలామందిని ఆశ్చర్యపరిచింది. ఫ్యాక్టరీలోనే డాక్టరును చూసే సౌకర్యం ఇచ్చారు; మాత్రలు వేసుకోవడం పెరగలేదు. జబ్బు గురించి చక్కగా పాఠం చెప్పారు, కార్మికులు నేర్చుకున్నారు కూడా, అయినా పెరగలేదు. మరుసటి ఏడు, మాత్రలు సరిగా వేసుకోని, పోటు అదుపులోకి రాని 38 మందితో ఇంకొక ప్రయత్నం చేశారు. సగానికి పైగా కార్మికులకు ఎవరి పోటు వారే ఇంట్లో కొలుచుకుని రాసుకునే ఏర్పాటు చేశారు. మాత్రను ప్రతివాని దినచర్యలో ఏదో ఒక పనికి ముడివేశారు. రెండు వారాలకొకసారి పలకరించారు. ఈసారి మార్పు వచ్చింది. పాఠం వల్ల రానిది పలకరింపు వల్ల, సొంత చేతి కొలత వల్ల వచ్చింది.

1978లో వచ్చిన మూడో ఫలితం మాకు మరీ ముఖ్యంగా తోస్తుంది. నీకు రక్తపుపోటు వుందని చెప్పిన తరువాత ఆ కార్మికులు పని మానుకున్న రోజులు బాగా పెరిగాయి. నిన్నటిదాకా బాగానే వున్న మనిషి, పేరు తెలియగానే రోగి అయ్యాడు. కొత్తగా తెలిసినవారిలో, మందు సరిగా వేసుకోనివారిలో ఇది ఎక్కువ. రోగం పేరు పలకడానికి భయపడే మన ముసలమ్మలను చూసి నవ్వుకునే కుర్రకారు ఈ సంగతి గమనించాలి.

ఆ పరిశోధకులు దీనికి వాడిన ఇంగ్లీషు మాట కంప్లయన్స్. చెప్పినట్టు వినడం అని అర్థం. గిర్మిట్ సంతానానికి ఈ మాట వినగానే ఏమి జ్ఞాపకం వస్తుందో వేరే చెప్పనక్కరలేదు. 2003లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాల వైద్యం మీద ఒక నివేదిక తెచ్చింది. సంపన్న దేశాలలో కూడా ఇటువంటి రోగులలో సగంమందే మందు సరిగా వాడుతున్నారని అందులో వుంది. అంటే ఇది మన ఒక్కరి లోపం కాదు. ఆ నివేదిక అడెరెన్స్ అనే మాటను ఎంచుకుంది. రోగి ఒప్పుకున్న దానికి రోగి కట్టుబడడం అని దాని భావం. ఒప్పుకోవాలంటే ముందు అడగాలి. తోటలో మనలను ఎవరూ అడగలేదు.

వ్రతాల మాట కూడా చెప్పుకోవాలి. కార్తీక సోమవారాలని, మారియమ్మ ఉత్సవానికి నిప్పులు తొక్కే దీక్ష అని మనవాళ్లు ఉపవాసం పట్టినప్పుడు మాత్రలు కూడా ఉపవాసం పడతాయి. ఉపవాసం మానమని మేము చెప్పము, అది వినేమాటా కాదు. దీక్షకు ముందే డాక్టరుకు చెబితే మోతాదును, వేళను మార్చగలరు. ఇక కాకరరసం, మెంతులు. మన మూలికలలో సత్తా లేదని ఎవరూ అనలేరు. సర్పగంధ వేరు రక్తపుపోటును తగ్గిస్తుందని బొంబాయి వైద్యుడు రుస్తుం జల్ వకీల్ 1949లో ఇంగ్లండు పత్రికలో రాస్తే ప్రపంచమంతా ఆ వేరు కోసం ఎగబడింది. కాని ఆయన కూడా కొలిచి ఇచ్చాడు, పోటు చూసి రాసుకున్నాడు. చూరునీళ్లు తాగినట్టు కాకరరసం తాగి మాత్ర మానేయడం వేరు.

ఖర్చు విషయంలో ఈ దేశం మేలే చేసింది. ప్రభుత్వం మందుల ధర భరించే పథకం 1948లో 139 మందులతో మొదలైంది. మెడికేర్ 1984లో వచ్చింది. మెడికేర్ వున్న సాధారణ రోగి ఒక మందుకు చెల్లించే గరిష్ఠ మొత్తాన్ని 2023 జనవరిలో 42.50 డాలర్ల నుంచి 30 డాలర్లకు తగ్గించారు. అదే ఏడు సెప్టెంబరు నుంచి, జబ్బు నిలకడగా వున్నవారికి చాలా మందులను ఒకేసారి రెండు నెలలకు రాసి ఇవ్వవచ్చునన్నారు. షిఫ్టు పనివానికి మందులషాపు మెట్లు సగం తగ్గాయన్నమాట. ఇది డాక్టరు తానుగా రాయకపోతే మనమే అడగాలి.

2001 నుంచి ఇంకొక ఏర్పాటు వుంది. డాక్టరు రాసి ఇస్తే ఫార్మసిస్టు మన ఇంటికే వచ్చి, అలమరలోని సీసాలన్నీ దింపి, ఏది ఎప్పుడు వేసుకుంటున్నారో కూర్చుని చూస్తారు. భాష రాదన్న బెంగ అక్కరలేదు. ఫోను మీద దుబాసీ సేవ ఈ దేశంలో 1973 నుంచి వుంది. ఒక చిక్కు మాత్రం వుంది. హైదరాబాదు నుంచి వచ్చిన దుబాసీ మధుమేహం, రక్తపోటు, మోతాదు అంటాడు. లంబాసాలో పుట్టిన మన అవ్వకు తెలిసినవి షుగరు, ప్రెషరు, గోళీ. తెలుగు అడగాలా, ఫిజీ హిందీ అడగాలా అనేది ముందే ఇంట్లో అవ్వనే అడిగి తేల్చుకుని ఫోను చేయండి.