చేపు

విస్సన్నపేట చుట్టుపక్కల పాడి ఉన్న ఇళ్లలో దూడను వదిలి, నాలుగు గుక్కలు తాగనిచ్చి లాగి కట్టేస్తారు. చన్నుల్లోకి పాలు దిగగానే ‘గేదె చేపింది’ అంటారు. పాలు ఊరడం వేరు, చేపడం వేరు. శరీరశాస్త్రమూ ఇదే తేడా చూపిస్తుంది: ఊరించేది ప్రోలాక్టిన్, పొదుగును పిండి కిందికి వదిలించేది ఆక్సిటోసిన్. రెండూ మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి నుంచి రక్తంలో కలిసే హార్మోన్లే. మనిషిలో అది శనగగింజంత. దాని ఇంగ్లీషు పేరు పిట్యూటరీకి లాటిన్ మూలంలో అర్థం శ్లేష్మం. మనవాళ్లు ఎంచుకున్న పీయూషానికి అమృతమనీ జున్నుపాలనీ అర్థాలు. మన పేరే నయం! బిడ్డ ఏడుపు వినగానే తల్లికి పాలు చేపుకు రావడమూ ఈ గ్రంథి పనే.

చేపు పల్లెమాట, శాస్త్రపదం కాదని అనవచ్చు. నిజమే, అందులో గ్రంథి ఊసు లేదు. అయితే 1905లో శరీరశాస్త్రవేత్త స్టార్లింగ్ వాడుకలోకి తెచ్చిన ‘హార్మోన్’కూ గ్రీకు మూలంలో ‘కదిలించేది’ అనే అర్థం. అందులోనూ గ్రంథి లేదు, జరిగే పనే ఉంది. పైగా మనకు వ్యతిరేకపదమూ ఉంది. కొత్తచేయి పడితే గేదె ‘ఎగచేపింది’ అంటారు. బెదిరిన పశువులో అడ్రినలిన్ ఎగసి ఆక్సిటోసిన్‌కు అడ్డుపడుతుంది. పాలు పొదుగులోనే ఉంటాయి, చెంబులోకి రావు.