ఆరు వందల చుక్కల ఎత్తు

2010 నవంబరులో ఒకరోజు పొద్దున్నే విశాఖలో కిరండూల్ ప్యాసింజరెక్కి అరకు బయల్దేరాను. సంచిలో విలువైనవి రెండే. ఒకటి సెకండ్ హ్యాండులో కొన్న పది అంగుళాల నెట్‌బుక్కు, రెండోది పెన్‌డ్రైవు. అందులో ఉన్నది ఉబుంటు అనే లినక్సు వ్యవస్థ, 10.10 నెట్‌బుక్ ఎడిషన్, అక్టోబరు 10న విడుదలైన సరికొత్త సరుకు. దాదాపు 700 ఎంబీల ఆ ఫైలు మా కొండమీద దిగాలంటే రాత్రంతా చాలదు, మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికి. పూర్వం వర్తకులు కొండసంతలకు ఉప్పు మోసుకొచ్చినట్టు నేనూ కిందినుంచి మోసుకొస్తున్నాను. నేను కంప్యూటరు చదివినవాణ్ణి కాను. ఆశ్రమ పాఠశాలలో తెలుగు మాస్టర్ని. రైలు సొరంగంలో దూరినప్పుడల్లా ఒళ్లోని సంచిని ఇంకాస్త గట్టిగా పట్టుకునేవాణ్ణి.

ఆ బుల్లి యంత్రాల కథ అప్పటికి మూడేళ్లది. 2007 చివర్లో తైవాన్ కంపెనీ ఆసుస్ ‘ఈ పీసీ’ని తెచ్చింది. ఏడంగుళాల తెర, 4 జీబీ నిల్వ, లోపల లినక్సు. విండోస్ ఖర్చు లేకపోవడమూ దాని చవకకు ఒక కారణం. అదే ఏడు పేదపిల్లల కోసమని ‘పిల్లకో ల్యాప్‌టాపు’ (ఓఎల్‌పీసీ) సంస్థ వాళ్ల ఆకుపచ్చ ల్యాప్‌టాపు మహారాష్ట్రలోని ఖైరాత్ పల్లెబడికి చేరింది. మరుసటేడు ఏసర్ ‘ఆస్పైర్ వన్’ వచ్చింది. ధర తగ్గించాలంటే ఎక్కడో కొయ్యాలి కదా, ఆ కోత ఎక్కువగా తెర ఎత్తుకే పడింది. నెట్‌బుక్కుల్లో మామూలైపోయిన కొలత అడ్డం 1024 పిక్సెళ్లు, నిలువు 600.

ఆరు వందల చుక్కల ఎత్తు ఇంగ్లిషుకు ఇరుకైతే మనకు మరీ ఇరుకు. ఇంగ్లిషు అక్షరాలు పక్కపక్కన నడుస్తాయి. మనవి కిందికీ మీదికీ పెరుగుతాయి. గుడి, ఎత్వం తలమీదికెక్కుతాయి, వత్తులు కాళ్లకింద చేరతాయి. ‘రాష్ట్రం’ అని రాస్తే ‘ష’ కింద మరో రెండు హల్లులు వేలాడాలి. మా పిల్లలు కూర్చునే దూరం నుంచి వత్తులు విడివిడిగా కనపడాలంటే ఒక్కో వరసకు 30 పిక్సెళ్లయినా కావాలి. అప్పటి మామూలు ఉబుంటులో పైనొక పట్టీ, కిందొక పట్టీ, ఒక్కోటి 24 పిక్సెళ్లు. వాటి మధ్య కిటికీకి పేరుపట్టీ, దానికింద మెనూ. ఇవన్నీ పోగా పాఠానికి మిగిలేది నడిమి చోటే.

ఈ ఇరుకు విప్పడానికి ఆ రెండుమూడేళ్లలో చాలామంది తలపడ్డారు. 2008లో ఉబుంటును తయారుచేసే కెనానికల్ సంస్థ ‘ఉబుంటు నెట్‌బుక్ రీమిక్స్’ తెచ్చింది, అందులో ఏ కిటికీ తెరిచినా తెరంతా పరుచుకునేది. ఇంటెల్ వారిది మోబ్లిన్. 2010 ఫిబ్రవరిలో అది నోకియా మీమోతో కలిసి మీగో అయింది. అదే నెలలో లినక్సుకు తెరరూపాలు చేసే కేడీఈ వాళ్లూ నెట్‌బుక్ రూపమొకటి విడుదల చేశారు. మే నెలలో ఉబుంటు స్థాపకుడు మార్క్ షటిల్‌వర్త్ ‘యూనిటీ’ అనే కొత్త తెరరూపాన్ని ప్రకటించాడు. ఆయన లెక్క సూటిగా ఉంది: తెరకు వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ కాబట్టి పనిముట్లను పక్కకు జరపాలి.

నేను మోసుకొచ్చిన 10.10లో ఉన్నది ఆ యూనిటీయే. ఆ రాత్రి హాస్టలు వరండాలో పెన్‌డ్రైవు గుచ్చి యంత్రం తెరిచాను. ఇన్‌స్టాల్ చేయకుండానే నడిపి చూసుకునే వీలుంది కాబట్టి పాత సరుకు పోతుందన్న భయం లేదు. ఎడమ అంచున బొమ్మలు నిలువుగా దిగాయి. చోటు చాలనివి అడుగున చాపల్లా మడతపడ్డాయి. కిందిపట్టీ లేదు. కిటికీ పేరూ మెనూ పైపట్టీలోనే ఇమిడిపోయాయి. ‘రాష్ట్రం’ వరసకు కింద మరో రెండు వరసలు కొత్తగా వెలుగు చూశాయి. భుజాల మీంచి తొంగిచూస్తున్న తొమ్మిదో తరగతి పిల్ల అంది: “సామాన్లన్నీ గోడకి తగిలించీసేరు సార్!”

అంతకన్నా బాగా ఆ డిజైనును వివరించినవాళ్లు నాకు తగల్లేదు. మా కొండల్లో ఇల్లు చిన్నది. చేట, గొడ్డలి, గొడుగు గోడకెక్కుతాయి. నేల మనుషులకు మిగులుతుంది.

లోపం లేదని కాదు. బొమ్మ నొక్కాక నా పాత యంత్రం ఘాటెక్కే లారీలా రొప్పేది. నెమ్మది గురించి చాలాచోట్ల మాటొచ్చింది. కెనానికల్ వాళ్లు కూడా 10.10లో కిటికీలను నడపడానికి వాడిన ‘మట్టర్’ను వదిలేసి 11.04కు ‘కాంపిజ్’ మీద యూనిటీని మళ్లీ కట్టారు.

తర్వాత తెలుగు భాషా ప్యాకు ఎక్కించాను. ఫైలు ‘దస్త్రం’ అయింది. “దస్త్రమంటే ఏటి సార్?” అన్నారు పిల్లలు. కరణంగారి చంకలో ఉండే కాగితాల కట్ట అని చెప్పాను. కరణమంటే ఎవరన్నారు. అనువాదం చేసినవాళ్లను తప్పుపట్టను. ఇంట్లో కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే పిల్లలకు తెలుగే రెండో మెట్టు, దస్త్రం మూడోది. 2004లో మన రాష్ట్రం ఎనిమిది గిరిజన భాషల్లో తెలుగు లిపితో వాచకాలు మొదలుపెట్టింది ఇందుకే. అంతకుముందెప్పుడో సవర నేర్చుకుని సవర పుస్తకాలు రాసిన గిడుగు రామమూర్తిగారు తెలుగులో వాడుకభాష కోసం పోరాడారు. ఆయన పుట్టిన ఉత్తరాంధ్రలోనే మెనూ భాష పిల్లలకు అందలేదు. వాళ్లను ఒడ్డెక్కించింది గోడమీది బొమ్మలే.

2011 ఏప్రిల్‌లో యూనిటీ పెద్ద కంప్యూటర్లకూ వచ్చేసింది, వేరే నెట్‌బుక్ ఎడిషన్ అవసరం తీరిపోయింది. ట్యాబ్లెట్ల ధాటికి 2013 నాటికి నెట్‌బుక్కులే అంగళ్లలోంచి తప్పుకున్నాయి. 2017లో షటిల్‌వర్త్ యూనిటీకి స్వస్తి చెప్పి గ్నోమ్ అనే మరో తెరరూపానికి మళ్లాడు. అయినా ఉబుంటు తెరిస్తే ఎడమ అంచున బొమ్మల వరస ఇంకా నిలువుగానే ఉంటుంది. యూనిటీని వదల్లేనివాళ్లు దాన్ని కాపాడుకుంటూ వచ్చి, 2022లో 22.10తో ఉబుంటు అధికారిక రూపాల్లో ఒకటిగా నిలబెట్టారు.

నా నెట్‌బుక్కు బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. అది నేర్పిన పరీక్ష మాత్రం వదల్లేదు. కొత్త తెర ఏది మీ చేతికొచ్చినా, రంగులు చూసి మురిసేముందు, తెలుగులో ఒక పేజీ తెరిచి ‘రాష్ట్రం’ అని కొట్టండి. ఎన్ని వరసలు పట్టాయో, వత్తులు తెగకుండా కనపడుతున్నాయో లేదో చూడండి. ఆ తర్వాత దాన్ని ఒక పిల్ల చేతికిచ్చి, ఏమంటుందో వినండి.