ఏలూరు మేయరు పదవి

ఏలూరు నగరపాలక సంస్థ కౌన్సిల్‌కు అధ్యక్షత వహించే ప్రజాప్రతినిధి ఏలూరు మేయరు. సభల్లో వాడుక మాట 'నగర ప్రథమ పౌరుడు' లేదా 'ప్రథమ పౌరురాలు'. ఏలూరు పురపాలక సంఘం 1866లో ఏర్పడింది. అది నగరపాలక సంస్థగా మారింది మాత్రం 2005 ఏప్రిల్‌లో. అంటే ఊరికి ఛైర్మన్ల కాలం పొడుగు, మేయర్ల కాలం పొట్టి. చట్టం ఈ కుర్చీకి మర్యాద దండిగా ఇచ్చి అధికారం పొదుపుగా ఇచ్చింది. అందువల్ల పదవి చరిత్రలో ఎక్కువ భాగం స్వాగతాలు, సన్మానాలు, అర్జీలే.

పూర్వరంగం

మేయరు అనే మాట ఈ దేశానికి మద్రాసులో దిగింది. ఈస్టిండియా కంపెనీ పత్రంతో అక్కడ 1688లో కార్పొరేషన్ మొదలైంది. నథానియల్ హిగిన్సన్ తొలి మేయరు. ఎర్రని అంగీలు, వెండి దండాలు ఆ కొలువుతోపాటే వచ్చాయి. మధ్యలో మరుగునపడిన మేయరు బిరుదు మద్రాసులో 1933లో తిరిగి వచ్చినప్పుడు ఎం. ఎ. ముత్తయ్య చెట్టియార్ దాన్ని అందుకున్నారు. అప్పట్లో అక్కడి పద్ధతి ఏడాదికొక మేయరు. 1956లో తారా చెరియన్ ఆ నగరానికి తొలి మహిళా మేయరయ్యారు. హైదరాబాదులో మాడపాటి హనుమంతరావు, రాణీ కుముదినీదేవి లాంటివారు ఆ కుర్చీలో కూర్చున్నారు. ఆంధ్ర తీరంలో విజయవాడ, విశాఖపట్నం కార్పొరేషన్లకు 1981లో మేయర్లు ఎన్నికయ్యాక గాని ఈ మాట కృష్ణా, గోదావరి జిల్లాల జనం నోట నలగలేదు.

ఏలూరు కథ వేరు. 1865 నాటి మద్రాసు పట్టణాల చట్టం కింద కలెక్టరే పురపాలక సంఘానికి అధ్యక్షుడు, సభ్యులు నామినేటెడ్. 1884 చట్టం వచ్చాక 'ఛైర్మన్', 'కౌన్సిలర్' అనే మాటలు స్థిరపడ్డాయి. ఎన్నుకున్నవాళ్ళ చేతికి కొంత పెత్తనం వచ్చింది. స్వాతంత్ర్యోద్యమ కాలంలో ఆతిథ్యమే రాజకీయమైంది. గవర్నరు ఊళ్ళోకి వస్తే పురపాలక సంఘం స్వాగత పత్రం చదవాలా వద్దా అనేదే రాష్ట్రమంతటా పెద్ద తగవు. ఖద్దరు కట్టిన కౌన్సిలర్లు గాంధీజీకి సన్మాన పత్రం ఇద్దామంటే సర్కారు మెప్పు కోరేవారు అడ్డం తిరిగేవారు. గాంధీజీ 1921 ఏప్రిల్‌లో ఆంధ్ర పర్యటనలో ఏలూరు వచ్చారు. ఆ ఏడే దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో చీరాల-పేరాల జనం మాకు మునిసిపాలిటీయే వద్దని ఇళ్ళు విడిచి రామనగర్‌లో పాకలు వేసుకున్నారు. పన్నుల బరువు తప్ప పురపాలకం వల్ల తమకు ఒరిగేదేమీ లేదని వారి వాదన. మేయర్ల దండల చరిత్ర రాసేటప్పుడు ఆ పాకల్ని మరిచిపోకూడదు.

కుర్చీ, కలం

1955 నాటి హైదరాబాదు కార్పొరేషన్ల చట్టాన్ని 1994 చట్టం తక్కిన నగరాలకూ వర్తింపజేసింది. దాని ప్రకారం కౌన్సిల్ తీర్మానిస్తుంది, మేయరు సభ నడుపుతారు. అమలు చేసేది, దస్త్రం మీద సంతకం పెట్టేది కమిషనర్. మేయరును ఎన్నుకునే తీరు కూడా మారుతూ వచ్చింది. 2000లో ప్రజలే నేరుగా ఎన్నుకున్నారు. 2005 నుంచి కార్పొరేటర్లు, వారితోపాటు ఎమ్మెల్యే, ఎంపీ లాంటి ఎక్స్ అఫీషియో సభ్యులు ఎన్నుకుంటున్నారు. కాబట్టి ఏలూరు మేయరుకు తొలినుంచీ పరోక్ష ఎన్నికే. పదవీకాలం ఐదేళ్ళు, మద్రాసు ముచ్చటలా ఏడాది కాదు.

మేయరు ఏడాది

అయినా ఈ పదవికి ఒక సాలు ఉంది. జనవరి ఒకటిన శుభాకాంక్షల వరసతో మొదలవుతుంది. వెంటనే సంక్రాంతి ముగ్గుల పోటీల బహుమతులు, 26న కార్యాలయం ముందు జెండా వందనం. మార్చి ముగిసేలోగా బడ్జెట్ సమావేశం. ఉగాదికి పంచాంగ శ్రవణం, రంజాన్‌లో ఇఫ్తార్ విందు, ఆగస్టు 15, వినాయక నిమజ్జనం ఏర్పాట్లు, దసరా, డిసెంబరులో సెమీ క్రిస్మస్ కేకు. కార్తీకంలో వన సమారాధనలు మరీ చిక్కు. గోదావరి జిల్లాల్లో అవి ఎక్కువగా కులాలవారీగా జరుగుతాయి. ఏ తోటలో భోంచేశారు, ఏ తోటకు వెళ్ళలేదు అని లెక్క కట్టేవాళ్ళుంటారు. ఏడేళ్ళకోసారి వచ్చే గంగమ్మ జాతరలో అయితే ఊరంతా ఆతిథ్యమిచ్చేదే. పారిశుద్ధ్యం, తాగునీరు, వీధి దీపాలు అప్పుడు కార్పొరేషన్‌కు పరీక్ష.

శాలువా కన్నా చిక్కైనది శిలాఫలకం. మంత్రి, ఎంపీ, ఎమ్మెల్యే, ఎమ్మెల్సీల పేర్ల మధ్య మేయరు పేరు ఎక్కడ చెక్కాలి? పేరు ఒక వరస కిందికి జారితే మర్నాడు జిల్లా పేజీలో 'ప్రోటోకాల్ రగడ'. బయటివారికి ఇది చిల్లర గొడవ. సంతకం అధికారం లేని పదవికి మాత్రం పేరున్న చోటే ఆస్తి.

ఇక జనం మేయరు గుమ్మం ఎక్కేది దండ వేయడానికి కాదు. కాలువలో పూడిక తీయలేదని, కుళాయి రాలేదని వస్తారు. ఊరి పక్కన పారే తమ్మిలేరు పొంగితే గట్టు మీదికి వెళ్ళి నిలబడాలి. తీర్మానం తరవాత చూసుకోవచ్చు, ఆ పూట మనిషి కనబడాలి.

ఖాళీ కుర్చీ కాలాలు

2010లో పాలకవర్గాల గడువు తీరాక రాష్ట్రంలో 2014 వరకు ఎన్నికలు లేవు. ప్రత్యేకాధికారుల పాలన నడిచింది. 2014లో తెలుగుదేశం తరఫున షేక్ నూర్జహాన్ మేయరయ్యారు. 2019 జూలైలో గడువు ముగిసి మళ్ళీ కుర్చీ ఖాళీ. ఆ ఖాళీలోనే 2020 డిసెంబరు 5న వన్‌టౌన్‌లో జనం ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోవడం మొదలైంది. కొద్ది రోజుల్లో బాధితులు 600 దాటారు. రక్త నమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయి. అప్పటి ముఖ్యమంత్రి జగన్ 7న వచ్చి ఆసుపత్రిలో బాధితులను పరామర్శించారు. ఊరు బెంబేలెత్తిన ఆ వారంలో గుమ్మం తట్టడానికి మేయరూ లేరు, డివిజన్ కార్పొరేటర్లూ లేరు.

50 డివిజన్లలో ఏకగ్రీవమైన మూడు పోను తక్కిన 47 డివిజన్లకు 2021 మార్చి 10న పోలింగు జరిగినా, కోర్టు వివాదం వల్ల ఓట్లు జూలై 25న లెక్కించారు. ఏకగ్రీవాలతో కలిపి వైఎస్సార్ కాంగ్రెస్‌కు 47, తెలుగుదేశానికి 3. జూలై 30న నూర్జహానే మళ్ళీ మేయరయ్యారు, ఈసారి వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి. ఆ రోజే ఇద్దరు డిప్యూటీ మేయర్లూ వచ్చారు. ఒకే నగరంలో రెండు పార్టీల నుంచి ఒకే వ్యక్తి మేయరు కావడం ఈ పదవి పార్టీ కన్నా పరిచయాల మీద నడుస్తుందనడానికి సాక్ష్యం కావచ్చు.

ఇరుగుపొరుగు

తాడేపల్లిగూడెం 1958లో మునిసిపాలిటీ అయింది. అక్కడ ప్రథమ పౌరుడు ఛైర్మనే. 2014లో ఆ పదవి చేపట్టిన బొలిశెట్టి శ్రీనివాస్ 2024లో జనసేన తరఫున అదే ఊరి ఎమ్మెల్యే అయ్యారు. 2021లో ఏలూరుకు ఎన్నిక జరిగినా తాడేపల్లిగూడేనికి జరగలేదు. నిట్ లాంటి జాతీయ విద్యాసంస్థ ఉన్న పట్టణంలో అతిథికి ఊరి తరఫున దండ వేసేది అధికారే.

కొల్లేరు సరస్సు లంకల్లో పట్టణ పాలన లేదు, పంచాయతీలే. అక్కడ పెద్ద ఆతిథ్యం కొల్లేటికోట పెద్దింట్లమ్మది. ఫాల్గుణంలో జాతరకు చుట్టుపక్కల జిల్లాల జనం తరలివస్తారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసినప్పుడు కైకలూరు ప్రాంతం ఏలూరు జిల్లాలోకి రావడంతో ఆ గుడీ, ఆటపాక పక్షుల కేంద్రమూ ఏలూరు జిల్లావి అయ్యాయి. మేయరు అధికార పరిధి మాత్రం నగరం పొలిమేర దాటదు. నగరం మురుగు దాటుతుంది, చివరికి కొల్లేటిలోనే కలుస్తుంది.